శ్రావణం ముహూర్తాల ముందు సౌండ్ వాళ్లకు: ఆ రెండో కేబుల్‌తో జాగ్రత్త

మొన్న ఆదివారం శంషాబాద్ వైపు ఒక ఫంక్షన్ హాల్లో సంగీత్ మధ్యలో సౌండ్ మొత్తం ఆగిపోయింది. పని చేస్తున్నది మా దగ్గర నేర్చుకున్న కుర్రాడే. ఫోన్ చేసి "అన్నా, మిక్సర్ పోయింది" అన్నాడు. నెట్‌వర్క్ కేబుళ్లన్నీ కలిసే స్విచ్ మీద లైట్లు ఎట్లా ఉన్నాయిరా అని అడిగాను. అన్నీ ఒకేసారి పిచ్చి పట్టినట్టు కొట్టుకుంటున్నాయన్నాడు. మిక్సర్‌కి ఏమీ కాలేదని నాకు అప్పుడే అర్థమైంది. నాలుగేళ్ల కిందట నాగోలులో నాకు జరిగింది కూడా ఇదే. ఆ రోజు 11 నిమిషాలు హాల్లో మైకు పలకలేదు. పెళ్లికూతురి మేనమామ వచ్చి నా పక్కన నిలబడ్డాడు, ఒక్క మాటా అనలేదు. తిట్టినా బాగుండేది.

ఇక ముహూర్తాలు మొదలైతే రోజుకో హాలు, అద్దె సామాను, నిద్ర లేని కుర్రాళ్లు. ఆ వెనకే వినాయక చవితి. వానకు టార్పాలిన్ ఎలా కప్పాలో మీకు నేను చెప్పక్కర్లేదు. నేను చెప్పేది ముఖ్యంగా ఒక్క తప్పు గురించి: బ్యాకప్ అని పెట్టే రెండో నెట్‌వర్క్ కేబుల్‌ని మోడ్ చూడకుండా దూర్చడం.

డాంటే అంటే నెట్‌వర్క్ కేబుల్ మీద ఆడియో పంపే పద్ధతి. డాంటే స్టేజ్ బాక్స్, అంటే స్టేజీ మీద మైకులు గుచ్చే పెట్టె, వెనక ప్రైమరీ, సెకండరీ అని రెండు సాకెట్లు ఉంటాయి. రిడండెంట్ మోడ్‌లో అవి రెండు వేరువేరు నెట్‌వర్క్‌లు. ఒకటి తెగినా రెండోది మోస్తుంది. అదే స్విచ్డ్ మోడ్‌లో, అంటే డైసీ చైన్‌లో, ఒక సాకెట్లోంచి వచ్చింది రెండో సాకెట్లోంచి బయటికి పోతుంది. అద్దెకు తెచ్చిన రెండు బాక్సులు నిన్నటి పనిలో స్విచ్డ్ మోడ్‌లోనే ఉండిపోయాయనుకోండి. మీరు అలవాటు కొద్దీ ప్రైమరీకి వేసిన ఎర్ర టేపు కేబుళ్లు ఒక స్విచ్‌కి, సెకండరీకి వేసిన నీలం టేపువి ఇంకో స్విచ్‌కి పెడతారు. బ్యాకప్ ఉందని ధీమా. నిజానికి మీరు వేసింది గుండ్రటి దారి, లూప్. అన్ని పరికరాలకీ వెళ్లే ప్యాకెట్, అంటే డేటా ముక్క, అందులో పడితే, ఇన్ని చుట్లు చాలు అని దాన్ని ఆపే లెక్క ఈ కేబుల్ నెట్‌వర్క్‌లో, అంటే ఈథర్నెట్‌లో, లేదు. గానుగెద్దులా తిరుగుతూనే ఉంటుంది, పైగా తిరిగినప్పుడల్లా మిగతా పోర్టులన్నిటికీ కాపీలు పోతాయి, కొత్తవి వచ్చి చేరుతూనే ఉంటాయి. క్షణాల్లో లైన్ నిండిపోతుంది, ఆడియోకి చోటుండదు.

సౌండ్ చెక్‌లో ఇది బయటపడదు. సాయంత్రం నాలుగింటికి నీలం కేబుల్ ఇంకా చుట్టలోనే ఉంటుంది కదా. ఏడింటికి జనం వచ్చాక ఎవడో ఒకడు "ఇదొక్కటి మిగిలిపోయిందన్నా" అని దూరుస్తాడు. నాగోలులో దూర్చింది నేనే.

అందుకే రెండో కేబుల్ పెట్టేముందు ల్యాప్‌టాప్‌లో డాంటే కంట్రోలర్ సాఫ్ట్‌వేర్ తెరిచి ప్రతి పరికరం ఏ మోడ్‌లో ఉందో చూడండి. మిక్సర్ ఒక్కటి చూసి ఊరుకోవద్దు, ప్రతి పరికరమూ చూడాలి. ఐపీలు, అంటే నెట్‌వర్క్‌లో పరికరాల అడ్రస్‌లు, ఆటోమేటిక్‌లో ఉంటే రిడండెంట్ మోడ్‌లో ప్రైమరీకి 169.254తో, సెకండరీకి 172.31తో మొదలయ్యే అడ్రస్ వస్తుంది. రిడండెంట్ మోడ్‌లో లేని బాక్స్‌కి నీలం కేబుల్ పెట్టకండి.

స్విచ్‌ల సంగతి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీలో చవగ్గా దొరికింది కదా అని తెచ్చుకునేముందు గ్రీన్ ఈథర్నెట్ ఉందా, ఉంటే ఆపడానికి వీలుందా అడగండి. ట్రాఫిక్ తగ్గగానే లైన్‌ని కునుకు తీయించి కరెంటు ఆదా చేసే ఏర్పాటు అది. డాంటేలో పరికరాలన్నీ ఒక్క లీడర్ గడియారాన్ని పట్టుకుని నడుస్తాయి. ఆ టైమ్ ప్యాకెట్లు ఆలస్యమైతే టిక్కుటిక్కుమని చప్పుళ్లు వస్తాయి, మీరేమో రాత్రంతా మైకు కేబుళ్లు మారుస్తూ కూర్చుంటారు. క్యూఓఎస్, అంటే ఏ ప్యాకెట్ ముందు పోవాలో, పెట్టగలిగే స్విచ్ అయితే డీఎస్‌సీపీ (ప్యాకెట్ మీద ఉండే ప్రాధాన్యం నంబరు) 56 అన్నిటికంటే పైన, దాని కింద 46. మొదటిది గడియారానికి, రెండోది ఆడియోకి.

స్విచ్‌ని యూపీఎస్ మీద పెట్టండి. కరెంటు పోయి జనరేటర్ అందుకునే ఆ కాసేపటికే అది ఆగి, మళ్లీ మొదటి నుంచి లేస్తుంది.

శాంపిల్ రేట్, అంటే సెకనుకు ధ్వనిని ఎన్నిసార్లు కొలవాలో ఆ లెక్క, అన్నిటికీ ఒకటే ఉండాలి. 48 కిలోహెర్ట్జ్ అంటే అన్నీ 48.

లేటెన్సీ, అంటే ఆడియో చేరడానికి పట్టే ఆలస్యం, 1 మిల్లీసెకండ్ దగ్గర వదిలేయండి. 0.25కి దించి ఎవరికి చూపిస్తారు?

రాగి కేబుల్ 100 మీటర్లు దాటనివ్వద్దు. దాటితే ఫైబర్.

వై-ఫై మీద డాంటే ఆడియో పంపొద్దు. ల్యాప్‌టాప్‌లో వై-ఫై ఆపేయండి.

హాల్ వాళ్ల సీసీ కెమెరా స్విచ్‌లో ఒక పోర్టు ఖాళీగా ఉందా? ఉండనివ్వండి. దాని వెనక ఏం ఎక్కడికి పోతుందో ఆ హాల్ మేనేజర్‌కే తెలియదు.

సబ్‌స్క్రిప్షన్లు, అంటే ఏ ఛానెల్ ఎక్కడికి పోవాలో ఆ కనెక్షన్లు, పెట్టాక ఛానెల్ పేర్లు మార్చొద్దు. కనెక్షన్ పేరుతోనే పట్టుకుంటుంది, పేరు మారితే తెగుతుంది.

ఫంక్షన్ రోజు ఫర్మ్‌వేర్, అంటే పరికరం లోపలి సాఫ్ట్‌వేర్, ముట్టుకోవద్దు. ముందు రోజు కూడా.

అద్దె సామాను వచ్చిందా, మోడ్ చూడు. రీసెట్ చేశావా, మళ్లీ చూడు. బాక్స్ మార్చావా, మళ్లీ చూడు. నీలం కేబుల్ సౌండ్ చెక్‌కి ముందే పెట్టు, లేదంటే ఆ రోజుకి అసలు పెట్టొద్దు. జనం వచ్చాక ఎవడూ స్విచ్ దగ్గరికి పోకూడదు.

ఇంత చెప్పినా లైట్లన్నీ ఒకేసారి కొట్టుకోవడం మొదలైందనుకో, మిక్సర్ ఆపి ఆన్ చేస్తూ కూర్చోకు. ముందు నీలం టేపు కేబుళ్లన్నీ పీకెయ్.