కెనడా పీఆర్ వచ్చేలోగా వైద్యం ఎలా: సమస్య - పరిష్కారం

విశాఖ ఎంవీపీ కాలనీలోని మా అక్కగారింట్లో ఒక ఆదివారం భోజనాల బల్ల మీద కాగితాలన్నీ పరుచుకుని కూర్చున్నాం. టొరంటో దగ్గర కాపురముంటున్న మేనకోడలు వీడియో కాల్‌లో పీఆర్, అంటే కెనడాలో శాశ్వతంగా ఉండే అనుమతి, దరఖాస్తు మీద తనకొచ్చిన ఉత్తరాలను ఒక్కొక్కటిగా చూపిస్తోంది. అమ్మాయికి మూడో నెల. ఓంటారియో ప్రభుత్వ ఆరోగ్య కార్డు, అంటే ఓహిప్ కార్డు, ఇవ్వడం కుదరదని కౌంటరులో చెప్పి పంపేశారు. "అల్లుడుగారికి కార్డు ఉంది కదరా, దాని మీదే చూపించుకుంటే పోలేదా?" అని అక్క నన్ను అడిగింది. ఇంట్లో ఒకరికి స్టీల్‌ప్లాంటులోనో పోర్టులోనో ఉద్యోగముంటే ఆ పేరు మీద ఇంటిల్లిపాదికీ వైద్యం జరగడం చూసినవాళ్ళం కాబట్టి, ఆ ప్రశ్న మాలో ఎవరికీ వింతగా తోచలేదు. కెనడాలో లెక్క వేరు.

సమస్య: భర్తకు కార్డు ఉంది, భార్యకు ఇవ్వడం లేదు

కారణం: అక్కడ ఎవరి కార్డు వారిదే. భార్య విజిటరుగా వెళ్ళినంత మాత్రాన అర్హత రాదు. అలాగని పీఆర్ చేతికి వచ్చేదాకా ఆగాలన్న మాట కూడా నిజం కాదు. ఓంటారియో నిబంధనల ప్రకారం, ఆ రాష్ట్రంలోనే కాపురముంటూ పీఆర్‌కు దరఖాస్తు చేసుకున్న వ్యక్తికి, దరఖాస్తు చేసుకునే అర్హత ఉన్నదని కేంద్ర ఇమిగ్రేషన్ శాఖ ధ్రువీకరించి, ఆ దరఖాస్తును తిరస్కరించకుండా ఉంటే, తుది నిర్ణయం రాకముందే ఓహిప్ ఇస్తారు. చిక్కు వచ్చేది "ధ్రువీకరించి" అన్న మాట దగ్గరే. దరఖాస్తు అందిందని చెప్పే రసీదు ఉత్తరం వేరు, అర్హత ఉన్నదని చెప్పే ఉత్తరం వేరు. రెండింటి మీదా ఒకే శాఖ ముద్ర, ఒకే దరఖాస్తు సంఖ్య ఉండటంతో మా అమ్మాయి మొదటిదాన్ని పట్టుకుని వెళ్ళింది.

పరిష్కారం: కౌంటరుకు వెళ్ళేముందు ఉత్తరాన్ని మొదటి వాక్యం నుంచి చివరి వాక్యం దాకా చదివి, అది దరఖాస్తు అందిన సంగతి మాత్రమే చెబుతోందా, అర్హత సంగతి కూడా చెబుతోందా అన్నది తేల్చుకోవాలి. కెనడా లోపలి నుంచి దరఖాస్తు చేసుకున్నవారికి మొదటి దశ ఆమోదం తెలిపే ఉత్తరం ఇందుకు పనికొస్తుంది. దానికి తోడు గుర్తింపు పత్రం ఒకటి, ఓంటారియో చిరునామా చూపే పత్రం ఒకటి, మొత్తం మూడు వేర్వేరు ఒరిజినల్స్ కావాలి. మన కాపురాల్లో ఎక్కువగా దెబ్బతినేది చిరునామా దగ్గర: ఇంటి అద్దె ఒప్పందం, కరెంటు బిల్లు, బ్యాంకు ఖాతా అన్నీ అబ్బాయి పేరు మీదే ఉంటాయి. అమ్మాయి అక్కడ దిగిన వారంలోనే ఆమె పేరు మీద బ్యాంకు ఖాతా తెరిచి, అద్దె ఒప్పందంలో ఆమె పేరు కూడా చేర్పించడం మంచిది.

సమస్య: పత్రాల్లో పేర్లు కలవడం లేదు

పాస్‌పోర్టులో పుట్టింటి ఇంటిపేరు, పెళ్ళి సర్టిఫికెట్‌లో అత్తింటి ఇంటిపేరు, ఆధార్‌లో ఒట్టి ఇనీషియల్ ఉండటం మనకు మామూలే గానీ అక్కడి గుమాస్తాకు వాళ్ళు ముగ్గురు మనుషులు. దరఖాస్తు నడుస్తుండగా ఇంటిపేరు మార్చుకునే ఆలోచన పెట్టుకోకుండా, పాస్‌పోర్టులో ఉన్న పేరునే అన్నిచోట్లా వాడాలి. సింహాచలంలో పెళ్ళి జరిగినా దేవస్థానం కాగితంతో సరిపెట్టుకోకూడదు. ఆంధ్రప్రదేశ్‌లో 2002 నాటి చట్టం పెళ్ళి రిజిస్ట్రేషన్‌ను తప్పనిసరి చేసింది. ఆ సర్టిఫికెట్ తీసుకునేటప్పుడే అక్షరాలు పాస్‌పోర్టుతో సరిచూసుకుంటే తరవాత అఫిడవిట్ల కోసం తిరగనక్కరలేదు.

సమస్య: అర్హత ఉత్తరం ఎప్పటికో గానీ వచ్చేలా లేదు

దీనికి రెండో దారి ఉంది. కెనడాలో ఉంటూ దరఖాస్తు చేసుకున్న భార్య లేదా భర్త ఓపెన్ వర్క్ పర్మిట్, అంటే ఏ యజమాని దగ్గరైనా పనిచేసుకోనిచ్చే అనుమతి, అడగవచ్చు. అది చేతికి వచ్చాక ఓంటారియోలోని యజమాని దగ్గర, కనీసం 6 నెలల పాటు సాగే పూర్తికాలపు ఉద్యోగంలో చేరితే, ఆ ఉద్యోగం ఆధారంగానే ఓహిప్‌కు అర్హత వస్తుంది. పర్మిట్ ఒక్కటే చూపిస్తే చాలదు. ఉద్యోగం పూర్తికాలమేనని, ఎంతకాలం ఉంటుందో కూడా తెలిపే ఉత్తరం యజమాని నుంచి తీసుకోవాలి. వారానికి నాలుగు పూటలు చేసే చిన్న పని దీనికి అక్కరకు రాదు.

ఇక్కడే ఒక అపోహ గురించి కూడా చెప్పాలి. ఇంటరిమ్ ఫెడరల్ హెల్త్ ప్రోగ్రామ్ అనే కేంద్ర పథకం పేరు విని, పీఆర్ కోసం ఎదురుచూసే వారందరికీ అది ఉంటుందని కొందరు చెబుతుంటారు. అది శరణార్థుల వంటి వారి కోసం పెట్టింది. స్పాన్సర్‌షిప్ మీద, అంటే అక్కడున్న భర్త లేదా భార్య పూచీ మీద, వెళ్ళేవారి కోసం కాదు.

సమస్య: ఈలోగా గర్భం వచ్చింది

అన్నిటికన్నా ఎక్కువ కంగారు ఇక్కడే, ఎక్కువ డబ్బు పోయేదీ ఇక్కడే. విజిటర్ ఇన్సూరెన్స్ ఉందిగా అని ధీమాగా ఉంటే, సాధారణ గర్భధారణ, కాన్పు ఖర్చులు అటువంటి పాలసీల్లో చాలావాటి కిందికి రావు. అవి అనుకోకుండా వచ్చే అత్యవసరాల కోసం రాసిన పాలసీలు. కోవిడ్ కాలంలో బీమా లేనివారికి ఆస్పత్రి, డాక్టరు ఖర్చులు భరించిన ఓంటారియో పథకం కూడా 2023 మార్చి 31తో ముగిసింది కాబట్టి అప్పటి అనుభవాలు చెప్పేవారి మాట ఇప్పుడు చెల్లదు.

పరిష్కారం ఏమిటంటే, మొదట మిడ్‌వైఫ్‌ను సంప్రదించాలి. మంత్రసాని అని తర్జుమా చేసి చెప్పగానే మా అక్క ముఖం మాడ్చుకుంది గానీ, అక్కడ మిడ్‌వైఫ్ అంటే విశ్వవిద్యాలయంలో చదివి, రిజిస్టరై, ఆస్పత్రిలో కూడా కాన్పులు చేసే నిపుణురాలు. ఓంటారియోలో నివసించే గర్భిణికి ఓహిప్ లేకపోయినా మిడ్‌వైఫ్ సేవకు రుసుము ఉండదు. ఆస్పత్రి గదికి, స్పెషలిస్టు డాక్టరుకు బిల్లు పడవచ్చు కనుక ఆ అంచనా ముందుగానే రాతపూర్వకంగా అడిగి తీసుకోవాలి. కమ్యూనిటీ హెల్త్ సెంటర్లు కూడా కార్డు లేనివారిని చూస్తాయి.

మరి పురుడు పుట్టింట్లో పోసుకోవాలనుకుంటే? తొలి కాన్పుకు అమ్మాయిని విశాఖ తీసుకురావాలన్న కోరికను నేను తప్పు పట్టను, కానీ ఆమె ఏ తరగతిలో దరఖాస్తు చేసిందో చూడకుండా టికెట్ కొనడం తప్పు. కెనడా లోపలి తరగతిలో దరఖాస్తు చేసినవారు స్పాన్సర్‌తో కలిసి అక్కడే నివసిస్తూ ఉండాలి. ఇక్కడికి వచ్చాక తిరిగి అడుగుపెట్టనివ్వకపోతే దరఖాస్తే చిక్కులో పడుతుంది. పైగా ఓహిప్ నిలవాలంటే ఏ 12 నెలల కాలంలోనైనా 153 రోజులు ఓంటారియోలో ఉండాలి. బయటి తరగతిలో దరఖాస్తు చేసి విశాఖలోనే ఎదురుచూస్తున్నవారికి ఈ బెడద లేదు.

సమస్య: విశాఖలో ఎదురుచూస్తున్న అమ్మాయికి ఇక్కడా బీమా లేదు

తండ్రి కేంద్ర ప్రభుత్వోద్యోగి అయితే ఆ ఉద్యోగుల ఆరోగ్య పథకమైన సీజీహెచ్‌ఎస్ కార్డులో కూతురి అర్హత ఆమె పెళ్ళితో గానీ సంపాదనతో గానీ, ఏది ముందైతే దానితో ముగుస్తుంది. భర్త పాలసీ కెనడాది. ఈ సందులో ఏడాదో ఏడాదిన్నరో గడిచిపోతుంది. పెళ్ళి కుదిరిన నెలలోనే ఆమె పేరు మీద విడిగా ఆరోగ్య పాలసీ తీసుకోవడమే దీనికి మందు, ఎందుకంటే ప్రమాదాలు మినహా మొదటి 30 రోజులు సాధారణంగా క్లెయిము ఉండదు, ముందునుంచీ ఉన్న జబ్బులకు నిరీక్షణ 3 ఏళ్ళ దాకా ఉండవచ్చు, ప్రసూతికి వేరే గడువు ఉంటుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద జీఎస్టీ లేదు.

సమస్య: జబ్బు బయటపడితే పీఆర్ రాదేమోనన్న భయం

మాకు సలహా ఇచ్చిన ఒక కన్సల్టెంటు, అమ్మాయికి ఉన్న థైరాయిడ్ సంగతి మెడికల్ పరీక్షలో చెప్పవద్దన్నాడు. నా దృష్టిలో ఇంతకన్నా చెడ్డ సలహా లేదు. వైద్య ఖర్చు ప్రభుత్వానికి మితిమీరిన భారమవుతుందన్న కారణంతో తిరస్కరించే నిబంధన స్పాన్సర్‌షిప్ మీద వచ్చే భార్యకు గానీ భర్తకు గానీ వర్తించదు; కెనడా చట్టమే వారికి మినహాయింపు ఇచ్చింది. ప్రజారోగ్యానికి ముప్పు తెచ్చే జబ్బుల సంగతి వేరు. నిజం దాచారని తేలితే మాత్రం 5 ఏళ్ళ నిషేధం పడుతుంది. గర్భిణి అయితే ఛాతీ ఎక్స్‌రేను కాన్పు అయ్యేదాకా వాయిదా వేయమని అడగవచ్చు.

సమస్య: పీఆర్ వచ్చింది, దిగాక కూడా కార్డు వెంటనే రాలేదు

ఓంటారియోలో ఒకప్పుడున్న మూడు నెలల నిరీక్షణను 2020 మార్చిలో తీసేశారు. వాంకూవర్ ఉన్న బ్రిటిష్ కొలంబియాలో ఇంకా ఉంది: దిగిన నెలలో మిగిలిన రోజులు, ఆపైన రెండు నెలలు. జూన్ 5న దిగినవారికి సెప్టెంబరు 1న గానీ మొదలవదు. ఆ మధ్యకాలానికి ప్రైవేటు పాలసీని విశాఖలో విమానం ఎక్కకముందే కొనుక్కోవాలి. దిగిన తరవాత ఆలస్యంగా కొంటే జబ్బులకు కొన్నాళ్ళు వర్తించకుండా పెట్టే కంపెనీలు ఉన్నాయి. రోజూ వేసుకునే మందులుంటే డాక్టరు చేత చీటీ మీద బ్రాండు పేరుతో పాటు అసలు మందు పేరు, మోతాదు కూడా ఇంగ్లీషులో రాయించుకోవాలి, ఎందుకంటే మన బ్రాండు పేరు చెబితే అక్కడి ఫార్మసిస్టుకు అది ఏ మందో అర్థం కాకపోవచ్చు.