గుట్టలు ఎక్కే కాళ్లున్నా మంచుకొండ మీద ఎందుకు ఆగిపోతాం: సమస్యలు, పరిష్కారాలు

నల్గొండ, మహబూబ్‌నగర్ పట్టణాలు సముద్రమట్టానికి 400–500 మీటర్ల ఎత్తులో ఉంటాయి. మనోళ్లు ఎక్కువగా వెళ్లే ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ శిఖరం ఎత్తు 3,810 మీటర్లు. కింది ఊరు సాంక్రీ నుంచి శిఖరానికి దాదాపు 1,850 మీటర్ల ఎక్కుడు. అంటే భువనగిరి కోట గుట్టను పన్నెండుసార్లు ఎక్కినంత. అయినా అక్కడ వెనక్కి తిరిగేవాళ్లలో చాలామందికి కాళ్లలో సత్తువ లేక కాదు, సెలవులు సరిపోక ప్లాన్‌ను కుదించడం వల్లే ఇబ్బంది వస్తుంది.

సమస్య: క్యాంపుకు చేరిన సాయంత్రం తలనొప్పి, వికారం, అన్నం సయించదు, నిద్ర పట్టదు

దీన్ని గ్యాస్ అనో, ప్రయాణ బడలిక అనో కొట్టిపారేస్తారు. ఎత్తుకు వెళ్లాక తలనొప్పి మొదలైతే, వేరే కారణం తేలేదాకా అది ఎత్తు వల్లే అనుకోండి. పైకి పోయినకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది. 3,500 మీటర్ల దగ్గర ఒక్కో శ్వాసలో అందే ఆక్సిజన్ సముద్రమట్టంతో పోలిస్తే మూడింట రెండు వంతులే. ఒళ్లు దానికి సర్దుకోవడానికి రోజులు పడుతుంది. రోజూ జిమ్‌కు పోయేవాడికీ ఇందులో మినహాయింపు లేదు. పైగా దమ్మున్నవాడు తొందరగా ఎక్కేస్తాడు కాబట్టి ముందు వాడికే తల పట్టేయొచ్చు.

తలనొప్పి ఉన్నంతసేపు ఇంకో అడుగు పైకి వేయొద్దు. అక్కడే ఆగి విశ్రాంతి తీసుకోండి. పారాసిటమాల్ వేసుకోవచ్చు, దాహం మేరకు నీళ్లు తాగండి. తగ్గితే మర్నాడు చూసుకోవచ్చు. పెరిగితే దిగడమే మందు. అనుమానం ఉంటే ఒక పరీక్ష చేయండి: మడమకు బొటనవేలు ఆనిస్తూ నేల మీద సరళరేఖలో నడిపించండి. తూలినా, మాట తడబడినా మెదడులో వాపు మొదలైందేమోనని అనుమానించాలి. కూర్చున్నా ఆయాసం, ఆగని దగ్గు ఉంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందని అర్థం. ఈ రెండింట్లో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకుండా, మనిషిని ఒంటరిగా వదలకుండా, రాత్రే కిందికి దించాలి.

ఇంటి దగ్గరే చేసుకోవాల్సింది ఇంకొకటి ఉంది. శంషాబాద్‌లో విమానం ఎక్కి డెహ్రాడూన్‌లో దిగి, మర్నాడు రోజంతా బండిలో సాంక్రీ చేరి, ఆ మర్నాడే శిఖరం అనే ప్లాన్‌ను పక్కన పెట్టండి. సాంక్రీలో ఒక రాత్రి, దారిలో ఉన్న జూడా కా తాలాబ్ అనే చెరువు దగ్గర ఇంకో రాత్రి పడుకోండి. మరింత ఎత్తు శిఖరాలకు పోతే, 3,000 మీటర్లు దాటాక పడుకునే చోటు ఎత్తును రోజుకు 500 మీటర్ల కంటే పెంచొద్దు. ఎత్తు వల్ల వచ్చే ఈ జబ్బు రాకుండా డయామాక్స్ (అసిటజోలమైడ్) మాత్ర పనిచేస్తుంది, కానీ డాక్టర్‌ను అడిగే వేసుకోవాలి. సల్ఫా మందులు పడనివాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి. వేళ్లు తిమ్మిరెక్కడం, మాటిమాటికీ మూత్రం రావడం ఆ మాత్ర గుణమే, భయపడొద్దు. మందు పార్టీ మాత్రం దిగాకే. మద్యం, నిద్రమాత్రలు నిద్రలో శ్వాసను ఇంకా మందగింపజేస్తాయి.

సమస్య: తల బాగానే ఉంది, కానీ సగం దారిలో తొడలు పట్టేశాయి

చదును రోడ్డు మీద పది కిలోమీటర్లు నడిచినా ఎక్కుడుకు అది తర్ఫీదు కాదు. 2014లో ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ తొలిపాఠాలు నేర్చింది భువనగిరి రాతిగుట్ట మీదే. దేవరకొండ కోట, రాచకొండ, కోయిల్‌కొండ దగ్గరున్నవాళ్లు అవి ఎంచుకోవచ్చు. రెండు మూడు నెలల ముందు నుంచీ వారానికి రెండు మూడుసార్లు, తెల్లవారుజామునే, బ్యాగులో నీళ్ల సీసాలు పెట్టుకుని ఎక్కండి. బరువు మెల్లగా ఆరేడు కిలోలకు పెంచండి. అక్కడికి వెళ్లాక పక్కవాడితో మాట్లాడగలిగినంత నిదానంగా నడవండి. మాట ఆగిపోతుంటే వేగం ఎక్కువైనట్టే.

సమస్య: దిగేటప్పుడు మోకాళ్లు

దిగేటప్పుడు తొడ కండరం సాగుతూనే బరువు ఆపాలి. అది అలసిపోతే భారమంతా మోకాలిమీద పడుతుంది. అందుకే గుట్ట దిగడాన్ని కూడా సాధన చేయాలి, పరుగున కాదు. రెండు కర్రలు, చిన్న అడుగులు చాలా మేలు చేస్తాయి. మర్రిగూడ, మునుగోడు వైపు ఏళ్లతరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగినవాళ్లకు నడుము, కీళ్లు బిగుసుకుపోయి ఉంటే దాన్ని వ్యాయామం లోపం అనుకోవద్దు. టికెట్ల కంటే ముందు ఎముకల డాక్టర్‌ను కలవాలి.

సమస్య: మధ్యాహ్నం దాటినా శిఖరం రాలేదు

దూరాన్ని చూసి లెక్కేశారు, ఎక్కుడును మరిచారు. పాత లెక్క ఒకటుంది: 5 కిలోమీటర్లకు ఒక గంట, దానికి తోడు ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకు ఇంకో గంట. 5 కిలోమీటర్ల దూరం, 1,000 మీటర్ల ఎక్కుడు ఉంటే 2 గంటల 40 నిమిషాలు. పల్చటి గాలికి దాన్ని ఒకటిన్నర రెట్లు చేస్తే 4 గంటలు. మంచుంటే ఇంకా ఎక్కువ. కొండల్లో మధ్యాహ్నం తర్వాత మబ్బు పట్టడం మామూలే కాబట్టి చీకట్లోనే బయలుదేరాలి. వెనక్కి తిరిగే టైమ్ ముందురాత్రే అందరి ముందూ చెప్పుకోండి. ఆ టైమ్‌కు శిఖరం కళ్లెదుట కనిపిస్తున్నా తిరగాల్సిందే. గొడవలయ్యేది ఇక్కడే, అందుకే ముందే చెప్పుకోమంటున్నా.

సమస్య: ఎక్కేటప్పుడు చెమట, ఆగగానే వణుకు

ప్రతి 1,000 మీటర్లకు సుమారు 6.5 డిగ్రీల వేడి తగ్గుతుంది. నూలు బనియన్ చెమటను పట్టుకుని ఆరదు. పోచంపల్లి నూలు మన ఎండకు హాయి, అక్కడ మాత్రం ఒంటికి తగలనీయొద్దు. లోపల పాలిస్టర్ లేదా ఉన్ని, దానిపై ఫ్లీస్ (మెత్తటి వెచ్చటి స్వెటర్ లాంటిది), బయట గాలి ఆపే జాకెట్ వేసుకోండి. చెమట పట్టకముందే ఒకటి విప్పండి, ఆగగానే మళ్లీ తొడుక్కోండి.

చిన్న చిన్నవి

కళ్లు మండి నీళ్లు కారితే మంచు మీది ఎండ వల్ల. నల్లద్దాలు తీయొద్దు. కాళ్లకు బొబ్బలు వస్తే బూట్లు కొత్తవి. గుట్ట మీద వాడి అరగదీశాకే తీసుకెళ్లండి, గోళ్లు కత్తిరించుకోండి. ఆకలి చచ్చిపోతే పల్లీ పట్టీలు, నువ్వుల ముద్దలు అరగంటకొకటి నోట్లో వేసుకోండి. రొట్టెలు చలికి గట్టిపడి నమలడం కష్టం. ఫోన్ బ్యాటరీ చలికి పడిపోతుంది, లోపలి జేబులో పెట్టుకోండి. అక్కడ సిగ్నల్ కూడా నమ్మకం లేదు. అందుకే ఏ రోజు సాయంత్రానికి ఫోన్ చేస్తారో, చేయకపోతే ఎవరికి కాల్ చేయాలో బయలుదేరేముందే ఇంట్లో రాసిచ్చి వెళ్లండి. లేకపోతే అమ్మానాన్నలకు ఆ నాలుగు రోజులూ టెన్షనే.