కంట్రోలర్ విప్పే ముందు కేబుళ్లు చూడండి

ఒడిశాలోని రాయగడలో మా ఫ్యాక్టరీ సర్వర్ గదిలో రెండు కంట్రోలర్ల (డిస్కుల్ని నడిపే కంప్యూటర్ల) నెట్‌యాప్ స్టోరేజ్ ఉంది. ఒకదానిలో మెమరీ మార్చాలంటే దాని డిస్కులు పక్కదానికి అప్పగించి (టేకోవర్), పనయ్యాక తిరిగి తెచ్చుకోవాలి (గివ్‌బ్యాక్). కమాండ్లు నాలుగైదే. కష్టమంతా అంతకుముందు చూసుకోవడంలోనే ఉంది.

సర్వర్ స్టోరేజ్‌ని వాడేది ఎన్‌ఎఫ్‌ఎస్ (నెట్‌వర్క్ మీద ఫైళ్లు పంచే పద్ధతి) ద్వారా అయితే ఐపీ అడ్రసే పక్క కంట్రోలర్‌కి వెళ్లిపోతుంది, సర్వర్ కాసేపు ఆగి మళ్లీ అందుకుంటుంది. డిస్కునే నేరుగా సర్వర్‌కి చూపే ఐస్కజీ, ఫైబర్ ఛానల్ పద్ధతుల్లో అడ్రసులు అలా కదలవు. సర్వరే రెండో దారి పట్టాలి, ఆ దారి ముందే ఉండాలి. ఒకసారి మా డేటాబేస్ సర్వర్‌కి రెండు కేబుళ్లున్నాయి కదా అని మొదలుపెట్టేశాను. డేటాబేస్ నిలిచిపోయింది. ర్యాక్ వెనక టార్చి వేసి చూస్తే, రెండు కేబుళ్ల చీటీల మీదా ఒడియాలో ‘ఉపర’ అనే ఉంది. రెండూ పై కంట్రోలర్‌కే! ‘తళ’ (కింద) అన్న చీటీ ఒక్కటీ లేదు. ఆ టెన్షన్ మీకొద్దు. లినక్స్‌లో మల్టీపాత్ జాబితా (డిస్కుకి ఉన్న దారులన్నీ చూపేది) తీసి, ప్రతి డిస్కుకీ ప్రయారిటీ 50 ఉన్న దారులూ (డిస్కు సొంత కంట్రోలర్‌వి) 10 ఉన్న దారులూ (పక్క కంట్రోలర్‌వి) రెండూ కనిపిస్తేనే ముందుకెళ్లండి.

రెండు కంట్రోలర్ల సీపీయూ వాడకం కలిపి ఒక్కటే మోయాలి. అందుకని రెండూ 50 శాతం లోపు ఉండే వేళ చూసుకోండి. విండోస్ షేర్లు వాడేవాళ్లను ఫైళ్లు మూసేయమనండి. ‘స్టోరేజ్ ఫెయిలోవర్ షో’లో టేకోవర్ గడిలో ‘ట్రూ’ ఉండాలి. ఆటో గివ్‌బ్యాక్ (డిస్కులు తనంతట తానే తిరిగి ఇచ్చేయడం) ఆపేయండి.

టేకోవర్ కమాండ్‌లో రాయాల్సింది విప్పబోయే కంట్రోలర్ పేరు, డిస్కులు తీసుకునేదాని పేరు కాదు. డేటా అగ్రిగేట్లు (డేటా ఉన్న డిస్కుల గుంపులు) పక్కదానికి వెళ్లాక విప్పబోయే కంట్రోలర్ రీబూట్ అయి, కన్సోల్‌లో ‘వెయిటింగ్ ఫర్ గివ్‌బ్యాక్’ అని ఆగుతుంది. కంట్రోల్-సీ కొట్టి లోడర్ ప్రాంప్ట్‌కి (సిస్టమ్ బూట్ అవకముందు ఆగే చోటికి) రండి. రెండూ ఒకే పెట్టెలో ఉంటే కరెంటు తీగలు ముట్టుకోవద్దు, కంట్రోలర్‌ని మాత్రమే బయటికి లాగండి.

మెమరీ మార్చి బూట్ చేశాక మళ్లీ అదే ‘వెయిటింగ్’ మాట కనిపించాలి. అప్పుడే గివ్‌బ్యాక్ ఇవ్వండి. ముందు రూట్ అగ్రిగేట్ (కంట్రోలర్ సొంత సిస్టమ్ ఉండేది), తర్వాత డేటావి వస్తాయి. ‘షో-గివ్‌బ్యాక్’లో అన్నీ చేరాయని చూశాక ఐపీ అడ్రసులు సొంత పోర్టులకు రివర్ట్ చేయండి (వెనక్కి పంపండి), ఆటో గివ్‌బ్యాక్ ఇదివరకు ఎలా ఉంటే అలా పెట్టండి, మల్టీపాత్ జాబితా ఇంకోసారి తీయండి.

మా ర్యాక్‌లో ఇప్పుడు ప్రతి కేబుల్‌కీ రెండు చివర్లా చీటీ ఉంది, ఒడియాలోనూ తెలుగులోనూ.