విపత్తు తర్వాత కిండర్‌గార్టెన్‌కి సాయానికి వెళ్తున్నారా, అయితే ముందు టీచర్‌ని కలవండి

వరదో తుఫానో భూకంపమో వచ్చి పోయాక ఒక ఫోటో తిరుగుతుంది చూడండి, బురదలో తిరగబడి ఉన్న బుల్లి కుర్చీ, పక్కన ఒక చెప్పు. అది చూశాక ఎవరికీ మనసు ఊరుకోదు, చేతికి దొరికిన బొమ్మలన్నీ కొనుక్కుని బయల్దేరిపోతాం. నేనూ మొదటిసారి అలాగే వెళ్ళా, మూడు పెద్ద సంచుల నిండా టెడ్డీబేర్లు వేసుకుని. అక్కడి టీచర్ ఆ సంచుల వైపు చూసి "వీటిని ఎక్కడ పెట్టమంటారండీ" అంది. నిజంగానే ఆ గది మొత్తంలో పొడిగా ఉన్నది ఒక్క బల్ల పైభాగమే, దాని మీద ఆవిడ తడిసిన రిజిస్టర్‌ని పేజీకీ పేజీకీ మధ్య కాగితం ముక్కలు పెట్టి ఆరబెట్టుకుంటోంది. పిల్లల అమ్మానాన్నల ఫోన్ నంబర్లు అందులోనే ఉన్నాయి మరి, ఇంకు అలుక్కుపోయి సగం నంబర్లు కనబడట్లేదు. ఆవిడకి ఆ రోజు కావాల్సింది బొమ్మలు కాదు, పక్కన కూర్చుని ఆ నంబర్లు చదివి ఫోన్లు చేసే మనిషి.

అందుకే చెప్తున్నా, వాలంటీర్ పని పిల్లల్ని ఆడించడం అనుకుని వెళ్ళకండి. పిల్లల్ని ఆడించడానికి వాళ్ళ టీచర్ ఉంది, వాళ్ళకి కావాల్సింది కూడా ఆవిడే. ఆవిడ చేతులు ఖాళీ చేసిపెట్టడమే మన పని. ఆవిడ ఇల్లు కూడా మునిగి ఉండొచ్చు, కూలి ఉండొచ్చు, ఆవిడ పిల్లలు ఏ బంధువుల ఇంట్లోనో ఉండొచ్చు, ఇవేవీ మనకి చెప్పదు.

వెళ్ళేముందు ఫోన్ చెయ్యండి. చెప్పాపెట్టకుండా పదిమంది దిగితే వాళ్ళని చూసుకోవడం ఆవిడకి ఇంకో పని. ఫోన్లో పెద్ద పెద్ద ప్రశ్నలు వద్దు, "ఇవాళ ఏం కావాలి, ఏం అస్సలు తేవద్దు, మీ తరఫున ఎవరితో మాట్లాడాలి" ఈ మూడూ చాలు. మీ వైపు నుంచి కూడా ఒక్కరే మాట్లాడండి, రోజుకి ఎనిమిది మంది అదే ప్రశ్న అడిగితే ఎవరికైనా చిరాకే.

మొదటి పని ఎప్పుడూ లెక్క. ఏ పిల్ల ఎక్కడుంది, ఎవరి దగ్గరుంది, ఇంట్లో అందరూ క్షేమమేనా, మందులేమైనా వాడుతోందా, ఏమి తింటే పడదు, రేపు స్కూల్ తెరిస్తే తీసుకెళ్ళడానికి ఎవరొస్తారు. ఈ లిస్టు ఒక నోట్‌బుక్‌లో రాసి టీచర్ చేతికివ్వండి, దయచేసి గ్రూపులో ఫోటో తీసి పెట్టకండి, అందులో ఉన్నవి చిన్నపిల్లల అడ్రస్‌లు.

ఇక బిల్డింగ్ సంగతి. లోపలికి వెళ్ళొచ్చని ఇంజనీరో అధికారులో చెప్పేదాకా గడప దాటకండి, పైకి గోడ బాగానే ఉన్నట్టు కనబడుతుంది కానీ భూకంపం తర్వాత వచ్చే చిన్న ప్రకంపనలకే సగం విరిగినవి పూర్తిగా పడిపోతాయి. చాలా దేశాల్లో తనిఖీ చేసి ఆకుపచ్చ, పసుపు, ఎరుపు కాగితాలు అంటిస్తారు, పసుపు ఉంటే కొంతమేరకే వాడొచ్చని అర్థం, "కాసేపే కదా" అని ఎరుపు ఉన్న దాంట్లోకి దూరకండి. నీళ్ళు వచ్చిన బిల్డింగ్ అయితే కరెంటు జోలికి ఎలక్ట్రీషియన్ వచ్చేదాకా వెళ్ళొద్దు, నీళ్ళలో నిలబడి మెయిన్ స్విచ్ ముట్టుకోవడం అసలే వద్దు. జనరేటర్ తెచ్చుకుంటే బయట, తలుపులకీ కిటికీలకీ కనీసం 6 మీటర్ల దూరంలో పెట్టాలి. దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, తెలిసేలోపే మనిషి పడిపోతాడు.

క్లీనింగ్ గురించి కాస్త ఎక్కువ చెప్తా, ఎందుకంటే తప్పులు ఎక్కువ జరిగేది ఇక్కడే. చెయ్యి పెట్టకముందే ప్రతి గదీ, ప్రతి వస్తువూ ఫోటోలు తియ్యండి, పారేసేవాటివి కూడా. ఇన్సూరెన్స్‌కైనా ప్రభుత్వ సాయానికైనా తర్వాత ఆ ఫోటోలే ఆధారం, ఉత్సాహంలో మొత్తం ఊడ్చి పారేశాక "నష్టం ఎంత" అంటే చూపించడానికి ఏమీ ఉండదు. క్లీనింగ్ జరిగేటప్పుడు పిల్లలు అక్కడ ఉండకూడదు. వరద బురదంటే ఉత్త మట్టి కాదు, మురుగు కలిసిన మట్టి, కాబట్టి రబ్బరు బూట్లు, గ్లవ్స్, ఎన్95 మాస్క్ ఉండాలి, టీటీ ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నారో కూడా చూసుకోండి.

తడిసిన చోట 24 నుంచి 48 గంటల్లో బూజు మొదలవుతుంది. అందుకే ముందు నీళ్ళు తీసెయ్యడం, కిటికీలు తెరవడం, తర్వాతే మిగతావి. మురికినీళ్ళు పీల్చుకున్న పరుపులు, కార్పెట్లు, దూది బొమ్మలు, అట్ట పుస్తకాలు పోయినట్టే, వాటి మీద జాలిపడి ఎండబెట్టి వాడితే ఆ బూజు పిల్లల ఊపిరితిత్తుల్లోకే వెళ్తుంది. గట్టి ప్లాస్టిక్ బొమ్మలు, బల్లలు, నేల, సింకులు బతికించుకోవచ్చు. ముందు సబ్బునీళ్ళతో బురద మొత్తం పోయేలా కడగాలి, ఆ తర్వాతే బ్లీచ్, సుమారు 20 లీటర్ల నీళ్ళకి ఒక కప్పు, అంటే 240 మి.లీ. ఇంట్లో వాడే లిక్విడ్ బ్లీచ్. చాలామంది బురద మీదే బ్లీచ్ పోసి పని అయిపోయిందనుకుంటారు, మురికి ఉంటే ఆ క్లోరిన్ కాస్తా మురికితోనే ఖర్చయిపోయి క్రిములకి ఏమీ మిగలదు. బొమ్మల్ని తర్వాత మంచినీళ్ళతో కడిగి పూర్తిగా ఆరనివ్వండి, నోట్లో పెట్టుకునేవాళ్ళు కదా. ఇంకోటి, బ్లీచ్‌లో టాయిలెట్ క్లీనర్ కానీ అమ్మోనియా ఉన్నది కానీ కలిపితే విషవాయువు వస్తుంది, "రెండూ కలిపితే ఇంకా బాగా పోతుంది" అనే మహానుభావుడు ప్రతి టీమ్‌లో ఒకడుంటాడు, వాడిని కనిపెట్టుకుని ఉండండి.

పారేసేముందు టీచర్‌ని అడగండి, ఇది నేను తప్పు చేసి నేర్చుకున్నది. ఒకచోట ఒక గుడ్డ బొమ్మ, కన్ను ఊడిపోయి మురికినీళ్ళు కారుతోంది, తీసి కుప్పలో పడేశా. అది ఆ క్లాసు మొత్తానికి బొమ్మట, మధ్యాహ్నం నిద్రకి రోజుకొకరి పక్కన పడుకునేదట, ఎవరి వంతు ఎప్పుడో గోడ మీద రాసుండేది. స్కూల్ తెరిచిన రోజు పిల్లలు అడిగిన మొదటి ప్రశ్న అదెక్కడుందనే. ఎలాగూ దాన్ని బతికించడం కుదిరేది కాదు, కానీ టీచర్‌కి ముందే తెలిసుంటే ఏం చెప్పాలో ఆలోచించుకునేది. ఆవిడ అబద్ధమాడలేదు, "దానికి మురికినీళ్ళు లోపలిదాకా పట్టేశాయి, ఉతికినా పోవు, అందుకే తీసేశాం" అని చెప్పింది. ఇద్దరు ఏడ్చారు, ఒకడు దాని బొమ్మ గీశాడు, గీసింది గోడకి అంటించారు. అలాగే పారేసిన సామాను కుప్ప గేటు ముందు పెట్టకండి, వెనకవైపు వేసి కప్పెయ్యండి, పిల్లలు వచ్చేదారిలో వాళ్ళ కుర్చీలే చెత్తలో కనబడకూడదు.

ఇంకో చిన్న విషయం, చాలా కిండర్‌గార్టెన్లలో బ్యాగులు తగిలించే కొక్కేల దగ్గర పేరుతో పాటు ఒక బొమ్మ స్టిక్కర్ ఉంటుంది, బాతు, గొడుగు, చేప అలా, పిల్లలకి ఇంకా చదవడం రాదు కాబట్టి. పాత ఫోటోలు ఉంటే చూసి ఆ కొక్కేలు అదే వరసలో, అవే బొమ్మలతో మళ్ళీ పెట్టండి. గది టెంట్ అయినా పర్లేదు, నా గొడుగు నా గొడుగు దగ్గరే ఉంది అన్నది పిల్లకి పెద్ద విషయం.

బిల్డింగ్ ఆలస్యమైతే తాత్కాలికంగా ఎక్కడో మొదలుపెట్టాలి. రోజుకి రెండు గంటలతో మొదలెట్టినా చాలు. చుట్టూ కంచె, ఒకటే గేటు, దగ్గర్లో గుంటలూ నూతులూ డ్రైన్లూ మూసేసి ఉండాలి. మానవతా సాయంలో అందరూ చూసే స్ఫియర్ ప్రమాణాల ప్రకారం స్కూల్లో తాగడానికీ చేతులు కడుక్కోవడానికీ కలిపి ఒక్కొక్కరికి రోజుకి 3 లీటర్ల నీళ్ళు ఉండాలి, టాయిలెట్లు 30 మంది ఆడపిల్లలకి ఒకటి, 60 మంది మగపిల్లలకి ఒకటి. ఈ వయసువాళ్ళు ఆపుకోలేరు, పైగా భయం, కాబట్టి ఇంకా ఎక్కువ ఉంటేనే మంచిది, దగ్గర్లో ఉండాలి, వాళ్ళ సైజుకి ఉండాలి. తాగేనీళ్ళ మీద అనుమానం ఉంటే తెర్లేలా ఒక నిమిషం మరిగించాలి, 2000 మీటర్ల కంటే ఎత్తు ప్రాంతమైతే మూడు నిమిషాలు.

తెరిచాక రోజు ఎలా నడవాలో టీచర్‌కే తెలుసు, మనం కొత్త ప్రోగ్రామ్‌లు పెట్టొద్దు. పొద్దున పాడే పాట పాతదే, తినే టైమ్ పాతదే, కథ చెప్పే మనిషి కూడా పాత మనిషే. మ్యాజిక్ షో, జోకర్ వేషం, ఇవి వద్దని గట్టిగా చెప్పడానికి నాకేం మొహమాటం లేదు. మనం నేల తుడుద్దాం, చేతులు కడిగే చోట నిలబడదాం, వచ్చిన ఫోన్లు ఎత్తుదాం, ఆవిడ కింద కూర్చుని పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుంటుంది.

మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలు ఇలాంటప్పుడు అమ్మని వదలరు, పక్క తడుపుతారు, మానేసిన వేలు మళ్ళీ నోట్లో పెట్టుకుంటారు, నిద్రలో లేస్తారు, ఊరికే కొట్టుకుంటారు. చాలావరకు కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి, నెల దాటినా తగ్గకపోతే, లేదా తిండీ నిద్రా ఆటా మొత్తం ఆగిపోతే నెల కోసం ఎదురుచూడకుండా, పిల్లల మానసిక వైద్యుల దగ్గరికి పంపాలి. ఆటలో అదే సంఘటన మళ్ళీ మళ్ళీ వస్తుంది, బ్లాకులతో ఇల్లు కట్టి కూలగొట్టడం, ఇసుక మీద నీళ్ళు పోసి బొమ్మల్ని ముంచడం. కంగారుపడి ఆపకండి, వాళ్ళు అర్థం చేసుకునే పద్ధతి అది. కానీ ఒక పిల్లాడు అదే తిప్పి తిప్పి ఆడుతూ ఇంకా ఇంకా భయపడిపోతున్నాడనుకోండి, పక్కన కూర్చుని "ఇప్పుడు సాయానికి ఎవరొస్తారు?" అని అడగొచ్చు, ఒక్కోసారి ఆట అక్కడ దారి మళ్ళుతుంది.

"ఆ రోజు ఏం జరిగిందమ్మా చెప్పు" అని మాత్రం అడగొద్దు. అందర్నీ కూర్చోబెట్టి ఒక్కసారే మొత్తం చెప్పించే పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థే వద్దంటుంది. 2011లో వాళ్ళు మానసిక ప్రథమ చికిత్సకి చెప్పిన దారి చాలా సింపుల్, చూడు, విను, కలుపు. ఎవరు ఇబ్బందిలో ఉన్నారో చూడటం, వాళ్ళే మాట్లాడితే వినడం, కావాల్సిన సాయానికో మనిషికో కలపడం. అడిగినదానికి నిజం చెప్పండి, చిన్న మాటల్లో. "ఇంకెప్పుడూ రాదు" అని మాటివ్వకండి, వస్తే మీ మాట పోతుంది. ఎవరైనా చనిపోయి ఉంటే ఆ మాట ఇంట్లోవాళ్ళు చెప్పాలి, మనం కాదు, "నిద్రపోయారు" అని అస్సలు చెప్పొద్దు, ఆ తర్వాత పిల్ల పడుకోవడానికే భయపడుతుంది.

అమ్మానాన్నలు మొదటి రోజుల్లో లోపలే కూర్చుంటామంటే కూర్చోనివ్వండి, రోజుకి కొంచెం కొంచెం తగ్గించుకుంటారు. వాళ్ళకి ఒక మూల రెండు కుర్చీలూ ఫోన్ ఛార్జింగ్ పాయింటూ పెట్టి చూడండి, ఫారాలు ఎలా నింపాలి, ఎక్కడ ఏమిస్తున్నారు అన్న కబుర్లన్నీ అక్కడే దొరుకుతాయి.

రూల్స్ కొన్ని ఉన్నాయి, ఎవరికీ మినహాయింపు లేదు. ఏ వాలంటీరూ పిల్లతో ఒంటరిగా ఉండకూడదు, ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్ళు. టాయిలెట్ పనులు స్టాఫే చూసుకోవాలి. లిస్టులో పేరు లేనివాళ్ళకి, ఎంత తెలిసినవాళ్ళలా మాట్లాడినా, పిల్లని అప్పజెప్పకూడదు, విపత్తు గందరగోళంలో పిల్లలు తప్పిపోయే ప్రమాదం మామూలప్పటి కంటే ఎక్కువ. పిల్లల మొహాలు కనబడే ఫోటోలు వద్దు, మీ డోనర్లు అడిగినా సరే.

డొనేషన్లు టీచర్ ఇచ్చిన లిస్టు ప్రకారమే తెండి, వీలైతే డబ్బివ్వండి. పాత బట్టల మూటలు తెస్తే వాటిని విడదీయడానికే మనుషులు కావాలి. పసిపిల్లల పాలపొడి డబ్బాలు ఉదారంగా పంచకండి, మంచినీళ్ళు లేనిచోట సీసా పాలు ఈ పిల్లల తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ విరేచనాలు తెచ్చిపెడతాయి, విపత్తుల్లో వాటిని విరాళంగా తీసుకోవద్దని యూనిసెఫ్ కూడా అంటుంది.

ఇరవై మంది ఒక్క రోజు రావడం కంటే అవే ముగ్గురు మొహాలు ఆరు వారాలు రావడం మేలు. వెళ్ళిపోయే రోజు ముందే చెప్పండి, రాలేకపోతే "మళ్ళీ వస్తా" అనకండి, వాళ్ళు గుమ్మం దగ్గర ఎదురుచూస్తారు. మూడు నెలల తర్వాత తేదీకి ఫోన్లో రిమైండర్ పెట్టుకుని, అప్పటికి అందరూ మర్చిపోయుంటారు కాబట్టి, టీచర్‌కి మళ్ళీ అదే ఫోన్ చెయ్యండి, ఇవాళ ఏం కావాలి అని. నేను చేసినప్పుడు బయట సన్నగా వాన పడుతోందట, పిల్లలు కిటికీ దగ్గర్నుంచి కదలట్లేదట, "ఏం వద్దండీ, ఈ క్లెయిమ్ ఫారం నింపడానికి ఒక గంట దొరికితే చాలు, మీరొచ్చి ఆ ఫోన్లు ఎత్తండి, వాన పడితే చాలు అందరూ పిల్లల్ని తీసుకెళ్తామని చేస్తున్నారు" అంది.