ఒకే గిటార్ ఆంప్‌లో ఈఎల్34, 6ఎల్6 ట్యూబులు కలిపి పెట్టి బయాస్ చేయడం ఎలా?

బయాస్ చేయడం అంటే పాట లేనప్పుడు పవర్ ట్యూబ్‌లో ఎంత కరెంట్ పారాలో గ్రిడ్‌కి ఇచ్చే నెగటివ్ వోల్టేజ్‌తో సెట్ చేయడం; ఈఎల్34, 6ఎల్6 రెండూ పవర్ ట్యూబుల రకాలు. బెజవాడ, గుంటూరు వైపు ట్యూబ్ ఆంప్ ఉన్నోళ్ళు తక్కువే గానీ, ఉన్నోళ్ళకి ఎప్పుడో ఒకసారి ఈ డౌట్ వస్తుంది, నాలుగు పవర్ ట్యూబులున్న ఆంప్‌లో రెండు ఈఎల్34, రెండు 6ఎల్6జీసీ పెడితే 34ల మిడ్స్, 6ఎల్6ల బేస్ రెండూ కలిసొస్తాయా అని. వస్తాయి. కొన్ని మీసా బూగీ సిముల్ క్లాస్ ఆంప్స్‌లో బయటి రెండు సాకెట్లలో ఈఎల్34 పెట్టుకోవచ్చని కంపెనీయే చెప్పింది. కానీ ఆ సర్క్యూట్ అలా డిజైన్ చేసింది, మామూలు ఆంప్‌లో ఊరికే పాతవి పీకి కొత్తవి గుచ్చేస్తే కుదరదు.

పని మొదలెట్టేముందు ఒక్క మాట. ప్లగ్ పీకేసినా ఫిల్టర్ కెపాసిటర్లలో 400 వోల్టుల పైన మిగిలిపోవచ్చు, అది ప్రాణం తీస్తుంది. 10కె, 5 వాట్ల రెసిస్టర్‌తో డిశ్చార్జ్ చేసి, మీటర్ పెట్టి సున్నాకి వచ్చిందని చూసుకున్నాకే చెయ్యి పెట్టండి. ఈ పని అలవాటు లేకపోతే పాత వాల్వ్ రేడియోలు చేసిన మెకానిక్‌ని పక్కన కూర్చోబెట్టుకోండి.

1. హీటర్ (ట్యూబ్‌ని లోపల వేడి చేసే తీగ) కరెంట్ లెక్క చూడండి. 6ఎల్6జీసీ 0.9 ఆంపియర్లు లాగుతుంది, ఈఎల్34 అయితే 1.5. నాలుగు 6ఎల్6లకి 3.6 అయ్యేది, రెండు మారిస్తే 4.8 అవుద్ది. పవర్ ట్రాన్స్‌ఫార్మర్‌కి ఆ ఓపిక లేకపోతే ఈ ఐడియా ఇక్కడే వదిలేయండి.

2. పవర్ ట్యూబులు రెండు సైడ్లుగా ఒకదానికొకటి ఎదురుగా పనిచేస్తాయి, ఏ ట్యూబ్ ఏ సైడో కనుక్కోండి. పవర్ ఆఫ్‌లో, ట్యూబులు తీసేసి, సాకెట్ల 3వ పిన్నుల (ప్లేట్) మధ్య ఓమ్స్ కొలవండి, ఒకే సైడ్ వాటి మధ్య సున్నా చూపిస్తుంది, ఎదురు సైడ్ అయితే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ వైండింగ్ వల్ల పదుల్లో ఓమ్స్ వస్తాయి. చాలా గిటార్ ఆంప్‌లలో 1, 2 సాకెట్లు ఒక సైడు, 3, 4 ఇంకో సైడు. ప్రతి సైడ్‌లో ఒక ఈఎల్34, ఒక 6ఎల్6 ఉండాలి, అంటే బయటి రెండూ ఒక రకం, లోపలి రెండూ ఇంకో రకం. రెండు 34లూ ఒకే సైడ్‌లో పడితే బ్యాలెన్స్ పోయి హమ్ వస్తుంది, ట్రాన్స్‌ఫార్మర్ కోర్‌లో డీసీ మిగిలిపోద్ది.

3. ఒకటో పిన్ను. అసలు తేడా అంతా ఇక్కడే ఉంది. ఈఎల్34లో 1వ పిన్ను సప్రెసర్ గ్రిడ్, దాన్ని 8వ పిన్ను క్యాథోడ్‌కి కలపాలి. 6ఎల్6జీసీకి సాధారణంగా ఆ పిన్ను పనిలేదు కాబట్టి పాత ఫెండర్ కంపెనీ ఆంప్‌లలో దాన్ని ఖాళీ ట్యాగ్‌లా వాడేసుకుని 1.5కె గ్రిడ్ రెసిస్టర్ అక్కడ సోల్డర్ చేశారు, అది చూడకుండా 1, 8 కలిపేస్తే బయాస్ వోల్టేజ్ గ్రౌండ్ అయిపోయి ట్యూబ్ ప్లేట్ ఎర్రగా కాలిపోద్ది. ముందు ఆ రెసిస్టర్‌ని వేరే చోటికి మార్చండి. 34ల స్క్రీన్ రెసిస్టర్లు (4వ పిన్ను స్క్రీన్ గ్రిడ్‌కి వెళ్ళేవి) 470 ఓమ్స్ ఉంటే 1కె, 5 వాట్లవి వేయండి.

4. రెండు జతలకి రెండు బయాస్ పాట్లు (తిప్పి వోల్టేజ్ మార్చే రెసిస్టర్లు) పెట్టండి. సుమారు 450 వోల్టుల ప్లేట్‌కి 34ల గ్రిడ్‌కి మైనస్ 38 వోల్టుల దగ్గర సరిపోతే 6ఎల్6లకి మైనస్ 48 దాకా కావాలి, ఒకే పాట్ అయితే ఒక జత వేడెక్కిపోవడమో ఇంకోటి చల్లగా ఉండి గరగరలాడటమో తప్పదు. ఒక సైడ్ రెండు ట్యూబులూ ఒకే కప్లింగ్ కెపాసిటర్ (సిగ్నల్‌ని గ్రిడ్‌కి పంపేది), బయాస్ వోల్టేజ్ తెచ్చే ఒకే 220కె రెసిస్టర్ మీద ఉంటాయి గనక ప్రతి ట్యూబ్‌కీ విడిగా అవి రెండూ కావాలి, అదనంగా రెండేసి. చిన్న పార్టులు గవర్నర్‌పేట ఎలక్ట్రానిక్స్ షాపుల్లో అడగొచ్చు, కెపాసిటర్లు మాత్రం 600 వోల్టులవే తీసుకోండి.

5. బయాస్ చేయడం. ప్రతి 8వ పిన్నుకీ గ్రౌండ్‌కీ మధ్య 1 ఓమ్ రెసిస్టర్ పెడితే ఒక మిల్లీవోల్ట్ అంటే ఒక మిల్లీఆంప్. ట్యూబులు పెట్టకముందే 5వ పిన్నుల (కంట్రోల్ గ్రిడ్) దగ్గర నెగటివ్ వోల్టేజ్ వస్తోందో లేదో చూసి, రెండు పాట్లూ ఎక్కువ మైనస్‌కి తిప్పి, అప్పుడు స్పీకర్ కలిపి ఆన్ చేయండి, స్పీకర్ లేకుండా అసలొద్దు. ఈఎల్34 ప్లేట్ తట్టుకునేది 25 వాట్లు, అందులో 70 శాతం 17.5, దాన్ని 450తో భాగిస్తే 39 మిల్లీఆంప్స్. 6ఎల్6జీసీ 30 వాట్లది, 70 శాతం 21, దాన్ని 450తో భాగిస్తే దాదాపు 47. అక్కడిదాకా తీసుకెళ్ళాలని రూలేం లేదు, నేనైతే 60, 65 శాతం దగ్గరే ఆపేస్తా, మే నెల బెజవాడ ఎండలో చర్చి మీటింగుల్లో గంటలు గంటలు మోగే ఆంప్‌కి అదే మంచిది. ఒక జత పెంచితే ప్లేట్ వోల్టేజ్ తగ్గి రెండో జత రీడింగ్ కూడా కదులుద్ది, అందుకని అటూ ఇటూ మార్చి మార్చి చూడాలి, పది నిమిషాలు వేడెక్కాక మళ్ళీ చూడాలి. లైట్లు ఆపేసి చూస్తే ఏ ప్లేటైనా ఎర్రబడుతుంటే కనిపిస్తుంది, వెంటనే ఆఫ్ చేసేయండి.

కరెంటు సంగతి కూడా చూసుకోండి. 230 ఉండాల్సింది రాత్రిపూట 245 వస్తే 450 కాస్తా 479 అవుద్ది, స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ మీద నడిచే అమెరికా ఆంప్‌లోనూ అంతే. వోల్టేజ్ బాగా ఎక్కువగా ఉన్న టైమ్‌లోనే ఫైనల్ రీడింగ్ తీసుకుని, ఆ మెయిన్స్ వోల్టేజ్‌తో సహా ఒక టేప్ మీద రాసి చాసిస్ లోపల అంటించండి.