నార్డ్‌ష్లైఫేలో ఎలక్ట్రిక్ ప్రోటోటైప్ ఎక్కేముందు జాగ్రత్తలు

జర్మనీలోని నూర్‌బుర్గ్‌రింగ్‌లో 1927 నాటి పాత ట్రాక్ ఈ నార్డ్‌ష్లైఫే. ఒక్క ల్యాప్ 20.8 కిలోమీటర్లు, ఎత్తుపల్లాల తేడా దాదాపు 300 మీటర్లు. మామూలు రేసు కారు అలవాట్లను మాత్రం నమ్ముకోవద్దు.

• ముందు బ్రేకుల సంగతి. బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు రీజెన్ (మోటారే వేగం తగ్గించి ఆ శక్తిని బ్యాటరీకి పంపడం) అంతంతమాత్రమే, భారమంతా బ్రేకు డిస్కుల మీదే పడుతుంది. అవేమో ఇంకా చల్లగా ఉంటాయి. మొదటి మలుపులకు కాస్త ముందే పెడల్ నొక్కండి.

• ట్రాక్‌లో ఫ్లాంట్స్‌గార్టెన్ అనే చోట కారు నేల విడుస్తుంది. ముక్కు కింద గాలి దూరిందా, డౌన్‌ఫోర్స్ (కారును నేలకు అదిమే గాలి ఒత్తిడి) పోయినట్టే. 1983లో రేసర్ స్టెఫాన్ బెలోఫ్ నడిపిన పోర్షే 956 కారు అక్కడే ఎగిరిపడింది. ఆయన క్షేమంగా బయటపడ్డారు. రైడ్ హైట్ (నేల నుంచి కారు అడుగు ఎత్తు) మరీ తగ్గించమని ఇంజనీర్ పోరినా ఒప్పుకోవద్దు.

• కరుసెల్ అనే మలుపులో కాంక్రీటు పలకల అతుకులు నడుము విరగ్గొడతాయి. బెల్టులు మళ్లీ బిగించి చూసుకోండి.

• పిట్స్‌లో (కార్లు ఆగి సర్దుకునే చోట) ఎండ కాస్తుంటే అవతలి కొసన వాన పడుతుండొచ్చు. రేడియోలో అడగండి.

• హై వోల్టేజ్ కట్ స్విచ్ ఎక్కడుందో ట్రాక్ సిబ్బందికి దగ్గరుండి చూపించండి, ఇన్సులేటెడ్ గ్లవ్స్ ఉన్నాయో లేదో కనుక్కోండి. 1976లో బెర్గ్‌వెర్క్ దగ్గర ఫార్ములా వన్ డ్రైవర్ నికీ లాడాను మంటల్లోంచి లాగింది తోటి డ్రైవర్లే. టెస్టు రోజున అలా వెనకాల వచ్చే డ్రైవర్లు ఎవరూ ఉండరు, ట్రాక్ సిబ్బందే దిక్కు.