టేబుల్ రోజ్ కుళ్లిపోతోందా, పూయట్లేదా? ముందు ఇవి చూడండి

నేల మీద చాపలా పరుచుకునే మొక్కల్లో నాకు టేబుల్ రోజ్ అంటే ప్రాణం. గడ్డి గులాబీ, నాచు పూలు అని కూడా పిలుస్తారు. పప్పులో వేసుకునే గంగవాయిలి కూరకి ఇది దగ్గరి చుట్టం. పుట్టిల్లు అర్జెంటీనా, బ్రెజిల్ వైపు. నీళ్లని కాడల్లో, ఆకుల్లో దాచుకుంటుంది కాబట్టి ఎండకి తట్టుకుంటుంది, తడికే తట్టుకోలేదు.

కాడ మొదట్లో మెత్తబడి నల్లబడుతోంది

వేళ్ల దగ్గర నీరు నిలిచింది. చిక్కేమిటంటే, కుళ్లు పట్టిన మొక్క కూడా వడలినట్టే కనిపిస్తుంది. దాహమేమో అనుకుని ఇంకో చెంబు పోస్తాం. మొదటి వానాకాలంలో అలాగే ఒక మడి మొత్తం పోగొట్టుకున్నాను, ఇప్పటికీ బాధే. కాడని రెండు వేళ్లతో నొక్కి చూడండి. దాహమైతే ఆకులు ముడతలు పడతాయి కానీ కాడ గట్టిగానే ఉంటుంది. కుళ్లైతే కాడ మెత్తగా నలిగి నీరు కారుతుంది, ఆకులు ముట్టుకుంటేనే రాలిపోతాయి.

కుళ్లిన మొక్కకి మందు వెతక్కండి. పైన గట్టిగా ఉన్న రెమ్మల్ని నాలుగు అంగుళాల చొప్పున తుంచి, కింది ఆకులు తీసేసి, ఒక పూట నీడలో ఆరనిచ్చి గుచ్చండి. సాధారణంగా వారం పది రోజుల్లో వేళ్లు వస్తాయి. మట్టి మాత్రం పాతది వద్దు: ఎర్రమట్టి, ముతక ఇసుక సగం సగం, గుప్పెడు మాగిన పశువుల ఎరువు చాలు. నల్లరేగడి నేలైతే అర అడుగు ఎత్తున మడి కట్టి అందులో ఈ మట్టి పోయాల్సిందే. వేలు దించి చూసి, లోపల పొడిగా ఉంటేనే నీళ్లు.

మొగ్గలున్నా విచ్చట్లేదు

మబ్బు పట్టిన రోజు విచ్చకపోవడం, మధ్యాహ్నానికి ముడుచుకోవడం దీని స్వభావం. ఎండ కాసే రోజుల్లోనూ విచ్చకపోతే నీడ ఎక్కువైనట్టే, కనీసం 6 గంటల ఎండ కావాలి. ఏపుగా పెరిగి మొగ్గే వేయకపోతే యూరియా ఆపేయండి.

కాడలు సాగి నడుమ ఖాళీ అయింది

సగానికి కత్తిరించి, ఆ ముక్కలే ఖాళీలో గుచ్చేయండి.

కణుపుల దగ్గర తెల్లటి దూది

పిండి నల్లి. పక్కనే చీమల బారు ఉంటుంది చూడండి, అది కార్చే తీపి కోసం చీమలే దాన్ని కాపాడతాయి. లీటరు నీటికి 5 మి.లీ. వేప నూనె, కాస్త కుంకుడు రసం కలిపి వారానికోసారి, మూడు వారాలు కొట్టండి. సాయంత్రం మాత్రమే. ఎండలో కొడితే ఆకులు మాడతాయి.

చలికాలంలో మొక్క ఎండిపోతోంది

దిగులు పడకండి. వాడిన పూల కింద చిన్న బరిణెల్లాంటి కాయలుంటాయి, పండాక వాటి మూత దానంతటదే ఊడుతుంది. లోపలి బూడిదరంగు గింజలు ఆవాల కన్నా చిన్నవి. కాగితంలో దాచి, ఎండలు ముదిరే ముందు మట్టి మీద చల్లండి. పైన మట్టి కప్పకండి, మొలవడానికి వాటికి వెలుతురు కావాలి.